టీచరమ్మ నిద్రపోతే

"కాస్త నవ్వు మొహం పెట్టొచ్చు కదా" అన్నాడు మా ఆయన.

నేనప్పుడు సింకు కింద మోకాళ్ళ మీద కూర్చుని, గొట్టం విప్పి, అందులో ఇరుక్కున్న చెత్తను స్పూను కాడతో లాగుతున్నాను. కింద బకెట్ పెట్టినా నల్లటి నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి. ప్లంబర్‌ని పిలవమని ఎప్పట్నుంచో చెబుతున్నాను. పిలుస్తాలే అని ఆయనా ఎప్పట్నుంచో అంటున్నాడు. పిలవడానికి ఫోను కావాలి, ఆయన ఫోనుకేమో తీరిక ఉండదు. అది నన్ను తీసే పనిలో ఉంటుంది.

ఆయనకో పేజీ ఉంది. దాని పేరు 'టీచరమ్మగారి మొగుడు'. పగలు ఫర్నిచర్ షోరూములో సోఫాలు అమ్ముతాడు, ఇంటికొచ్చాక నన్ను చూపిస్తాడు. నేను పాలు పొంగించడం, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుక్కోవడం, మా అత్తగారితో మాట్లాడుతూ అలవాటు కొద్దీ "చేతులు కట్టుకుని కూర్చోండి" అనేయడం, అన్నీ అందులో ఉన్నాయి. నవ్వొచ్చేవే, కాదనను. మొదట్లో నేనూ నవ్వాను. తర్వాత తర్వాత, కూరగాయలు కొనడానికి వెళితే కొట్టు ఆవిడ "ఇవాళ ఏం మాడ్చారు టీచరమ్మా?" అని అడగడం మొదలుపెట్టాక, బస్సులో నాకు ముక్కూ మొహం తెలియనివాళ్ళు నా మొహాన్ని గుర్తుపట్టి మోచేతులతో పొడుచుకోవడం చూశాక, నవ్వు రావడం మానేసింది. తీయొద్దండీ అంటే, "అబ్బో, హీరోయిన్‌గారికి కోపం వచ్చింది" అంటూ ఆ కోపాన్ని కూడా తీసి పెట్టేవాడు. దాన్ని ఇంకా ఎక్కువమంది చూశారు. దాంతో కోపం తెచ్చుకోవడం కూడా మానేశాను. ఇల్లు ఊడ్చేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, ఆఖరికి తలనొప్పి వచ్చి కణతలు నొక్కుకునేటప్పుడు కూడా వెనక్కి ఓసారి చూసుకోవడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు మీద కూడా ఆయన ఓ వీడియో చేశాడు.

ఆ రోజు సింకు బాగుపడింది. వీడియోకి 'టీచరమ్మ తవ్వకాలు' అని పేరు పెట్టాడు.

మర్నాడు స్కూల్లో హెడ్మాస్టరుగారు నన్ను తన గదికి పిలిపించారు. ఆ గదిలో ఎదుటివాళ్ళ కోసం వేసిన కుర్చీకి ఒక కాలు పొట్టి. కూర్చున్నవాళ్ళు ఏం మాట్లాడినా కాస్త ఊగుతూ మాట్లాడాలి.

"ఈ ఏడాది నుంచి రెండో తరగతి పిల్లలకి సోషల్ మీడియా పరిచయం చెయ్యాలట మేడమ్. పైనుంచి వచ్చింది."

"రెండో తరగతికా సార్?"

"ఫోను పట్టుకోవడం పాలసీసాతో పాటే వచ్చేస్తోంది కదమ్మా వాళ్ళకి. ఎలా వాడాలో మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?"

ఆ మాట నిజమేననిపించింది. అందుకే కాదనలేకపోయాను. కంప్యూటర్ మాస్టారుకి అప్పజెప్పొచ్చు కదా అని మాత్రం అన్నాను. "ఆయన విడిగా జీతం అడుగుతున్నాడు. మీరైతే ఎలాగూ పిల్లల దగ్గరే ఉంటారు కదా" అన్నారు. నా బతుకంతా ఈ 'ఎలాగూ' కిందే గడిచిపోతోంది. ఎలాగూ లేచావు కదా, కాస్త కాఫీ పెట్టు. ఎలాగూ ఆ వీధిలోనుంచే వస్తావు కదా, అమ్మ మందులు పట్రా. ఎలాగూ స్కూల్లో నీడనే కూర్చుంటావు కదా, నీకేం అలసట. ఎవరూ నాకు పని చెప్పినట్టు ఉండదు. అన్నీ దారిలో ఉన్నట్టే ఉంటాయి, చూస్తే చేతుల్లో బరువు మాత్రం పెరుగుతుంది.

"అయినా మీకు మేం చెప్పాలా మేడమ్? ఇంట్లోనే పెద్ద నిపుణుణ్ణి పెట్టుకున్నారు" అన్నారాయన, నేను లేస్తుంటే. "ఆ పాలు పొంగిన వీడియో చూసి మా ఆవిడ పడీ పడీ నవ్వింది."

రెండో తరగతి పిల్లల చేతికి ఫోనిచ్చి పాఠం చెప్పడానికి నాకు మనసొప్పలేదు. క్లాసు వెనక గోడ నిండా గోధుమరంగు కాగితం అతికించి, దాని మీద తాడు కట్టి, బట్టల క్లిప్పులు తగిలించాను. అదే మా పేజీ. ఎవరికి ఏం చెప్పాలనిపిస్తే వాళ్ళు అది ఒక కాగితం మీద రాసో, బొమ్మ గీసో అక్కడ తగిలించాలి. మిగతావాళ్ళు చదివి, నచ్చితే ఎర్ర స్టిక్కర్ అంటించొచ్చు. ఆ కాగితాలు కత్తిరించడం, స్టిక్కర్లు గుండ్రంగా చేయడం అంతా ఇంట్లోనే, వంట పొయ్యి మీద ఉడుకుతుండగా చేశాను. "స్కూలు వాళ్ళు నీకు ఇంటి అద్దె కూడా ఇస్తున్నారా?" అంది మా అత్తగారు, వంటింటి గట్టు మీద పరిచిన కత్తిరింపులు చూసి. మా అత్తగారు చెడ్డ మనిషి కాదు. ఆవిడ నోట్లోంచి ఏ మాట వచ్చినా అది నాకు తగిలే వైపే వస్తుంది, అంతే.

పిల్లలు గోడ మీద పడ్డారు. 'మా పిల్లి మా తాతయ్య పళ్ళసెట్టుతో ఆడుకుంది' అని ఒకడు రాశాడు. 'నాకు నిన్న రెండు సార్లు ఏడుపొచ్చింది కానీ ఒకసారే ఏడ్చాను' అని ఒకతి. పళ్ళసెట్టు కాగితం స్టిక్కర్లతో ఎర్రబడిపోయింది. ఏడుపు కాగితానికి ఒక్కటీ రాలేదు. మర్నాడు ఆ పిల్ల 'మా ఇంట్లో ఏనుగు ఉంది' అని రాసి తగిలించింది. ఇంత త్వరగానా అనుకున్నాను. మధ్యాహ్నానికల్లా స్టిక్కర్లు పీకేశాను. వాటి బదులు, ఎవరి కాగితం చదివినా కింద ఒక ప్రశ్న రాయాలని పెట్టాను. ఏనుగు పిల్ల కాగితం కింద మా క్లాసులో అందరూ 'లాయరు' అని పిలిచే పిల్లాడు 'అది ఏ గదిలో పడుకుంటుంది?' అని రాశాడు. వాడు దేన్నీ ఊరికే వదలడు. ఏడుపు కాగితం కింద మాత్రం వాడే, వంకర టింకర అక్షరాలతో, 'రెండోసారి ఎందుకు ఆపుకున్నావు?' అని రాశాడు. ఆ పిల్ల ఆ కాగితాన్ని ఇంటికి తీసుకెళ్ళింది.

నా కూతురు కూడా నా క్లాసే. గలగలా మాట్లాడుతూనే ఉంటుందని ఇంట్లో పిచ్చుక అంటాం. స్కూల్లో నన్ను 'టీచర్' అంటుంది, గేటు దాటగానే 'అమ్మా' అంటుంది. ఆ నియమం అదే పెట్టుకుంది. ఒక్కోసారి గేటు దగ్గర ఒక కాలు బయటికి, ఒక కాలు లోపలికి పెట్టి "ఇప్పుడు నువ్వు ఎవరు?" అని అడిగేది.

ఆ రోజుల్లోనే నాకు జ్వరం వచ్చింది. సెలవు రోజు కావడంతో, హమ్మయ్య, స్కూలుకి సెలవు పెట్టే పని తప్పింది అనుకున్నాను. థర్మామీటరు మా ఆయనే పెట్టి చూశాడు. "బాగా కాలిపోతోందే, ఈ పూట పడుకో" అన్నాడు. అని, చొక్కా తొడుక్కుంటూ, "మధ్యాహ్నం తమ్ముడువాళ్ళు భోజనానికి వస్తున్నారు, గుర్తుంది కదా?" అన్నాడు. రెండు మాటలకీ మధ్య ఆయన గొంతేమీ మారలేదు. నాకు గుర్తుంది. వండాను, వడ్డించాను, "వదిన చేతి వంటే వేరు" అన్న మా మరిదిగారి పొగడ్తకు తల ఊపాను, గిన్నెలు సింకులో పడేశాను. ఇంక నిలబడలేక వంటింటి నేల మీదే ఒరిగిపోయాను. నేల చల్లగా ఉంది. హాల్లో నవ్వులు వినిపిస్తున్నాయి. ఎప్పటికో, నా మొహానికి దగ్గరగా చిన్న ఊపిరి తగిలింది. కళ్ళు తెరవకుండానే తెలిసింది, పిచ్చుక. అమ్మకి ఎలా ఉందో చూడ్డానికి వచ్చింది, నన్ను లేపకూడదని ఊపిరి బిగబట్టుకుని నిలబడింది అనుకున్నాను. ఇన్నేళ్ళలో నా ఒంట్లో బాగాలేదని ఎవరైనా నా పక్కకి వచ్చి నిలబడటం అదే మొదలు. ఆ జ్వరంలోనే నాకు ఎంత సంతోషం వేసిందంటే, కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. అలాగే నిద్రపోయాను.

రెండు రోజులకి స్టాఫ్ రూములో పక్క సెక్షన్ టీచరు ఫోను తిప్పి చూపించింది. వంటింటి నేల మీద నేను. నోరు తెరుచుకుని ఉంది, గురక పెడుతున్నాను, ఒక చేతిలో ఇంకా గరిటె ఉంది. ముక్కు రంధ్రాలు కనిపించేంత దగ్గర్నుంచి తీశారు. కింద పేరు, 'టీచరమ్మ నిద్రపోతే'. పేజీలో ఏ వీడియోనీ చూడనంతమంది దాన్ని చూశారు. 'పాపం మొగుడు, అన్నం దొరికిందా బ్రో?' అని ఎవరో అడిగారు. 'ఇలాంటివాళ్ళా మన పిల్లలకి చదువు చెప్పేది' అని ఇంకెవరో అన్నారు. పక్క సెక్షన్ టీచరు "ఇదంతా సరదాకే కదా, నువ్వు మనసులో పెట్టుకోకు" అంటూ ఇంకోసారి చూసి, పెదాలు బిగబట్టుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో నేను ఏమీ అనలేదు. అంటే అదీ తీస్తాడు. కనీసం పిచ్చుక వచ్చి నిలబడింది కదా అని ఆ ఊపిరినే తలుచుకున్నాను.

ఆ వారమే క్లాసులో ఫొటోల పాఠం. ఎవరి బొమ్మయినా గోడ మీద పెట్టాలంటే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, చూపించి, అడగాలని చెప్పాను. వాళ్ళు 'సరే' అంటేనే పెట్టాలి. 'వద్దు' అంటే ఆ బొమ్మను వాళ్ళ చేతికే ఇచ్చేసి రావాలి.

లాయరు చెయ్యెత్తాడు. "ఎందుకు వద్దో అడగొచ్చా టీచర్?"

నేను ఆలోచించుకున్నాను. పైనుంచి వచ్చిన పుస్తకంలో దీని గురించి ఏమీ లేదు. "అడగకూడదు" అన్నాను.

"కారణం లేకపోయినా వద్దు అనొచ్చా?"

"కారణం ఉంటుంది. కానీ అది చెప్పాలా వద్దా అన్నది వాళ్ళిష్టం."

ఇంత పెద్ద అధికారం తమకి ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదన్నట్టు పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంక ఆ పీరియడంతా ఒకరినొకరు గీయడం, చూపించడం, 'వద్దు' అనిపించుకోవడం, బొమ్మ ఇచ్చేసి రావడం. కొందరు 'వద్దు' అనడం కోసమే బొమ్మ గీయించుకున్నారు. లాయరైతే ముగ్గురికి వద్దని చెప్పి, ఆ బొమ్మలన్నీ జేబులో కుక్కుకుని యజమానిలా తిరిగాడు.

పిచ్చుక నా బల్ల దగ్గరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. కాగితం నా ముందు పెట్టింది. అందులో నేల మీద పడుకున్న మనిషి, పెద్ద గుండ్రటి నోరు, చేతిలో గరిటె.

"టీచర్, ఇది మా అమ్మ. గోడ మీద పెట్టనా?"

ముందు బెంచీ పిల్లలు తొంగి చూశారు. "ఏయ్, ఇది మేం చూశాం! మా నాన్న ఫోన్‌లో ఉంది!" అని ఒకడు అరిచి, తల వెనక్కి వాల్చి గురక పెట్టాడు. మరో నిమిషంలో క్లాసంతా గురకలే. నేను బల్ల మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాను. పిల్లలు నవ్వుతున్నారని పిచ్చుక ఇంకా పొంగిపోయింది.

"అది తీసింది నేనే!" అంది, అందరికీ వినబడేలా. "నాన్నే ఫోనిచ్చి పంపాడు. మెల్లగా వెళ్ళు, ఊపిరి కూడా తీయకు, అమ్మ లేస్తే పాడైపోతుంది అన్నాడు. నేను అస్సలు కదల్లేదు. నా చెయ్యి కూడా వణకలేదు."

నేను ఈ పిల్లలకి సోషల్ మీడియా పరిచయం చేస్తున్నాననుకున్నాను. నా కూతురికి అది ఎప్పుడో పరిచయమైంది. అది నేర్చుకున్నది నా మొహం మీదే. నేను చెవుల్లోకి కన్నీళ్ళు కారేంత సంతోషపడ్డ ఆ ఊపిరి, ఫోను కదలకుండా బిగబట్టిన ఊపిరి. నాకు దాని మీద కోపం రాలేదు. దానికేం తెలుసు? తండ్రి మెచ్చుకుంటే ఆ వయసులో ఏ పిల్లయినా ఏమైనా చేస్తుంది. నాలోపల ఏదో చల్లబడిపోయింది, అంతే. ఏడుపు కూడా రాలేదు.

"టీచర్, సరేనా? వద్దా?" అంది పిచ్చుక.

"వద్దు" అన్నాను.

దాని మొహం వాడిపోయింది. ఎందుకని అడగడానికి నోరు తెరిచి, నియమం గుర్తొచ్చి, మూసేసుకుంది. కాగితం నా చేతిలో పెట్టి, వెళ్ళి తన చోట్లో కూర్చుంది. మళ్ళీ ఇంటికి చేరేదాకా నాతో మాట్లాడలేదు. గేటు దాటాక కూడా అమ్మా అనలేదు.

ఆ సాయంత్రం మా ఆయనతో అన్నాను. "ఆ వీడియో తీసెయ్యండి. పిల్ల చేత ఇంకెప్పుడూ తీయించకండి."

"ఎందుకు?" అన్నాడు. నిజంగానే అర్థంకానట్టు అడిగాడు.

"నాకు నచ్చలేదు."

"ఎందుకు నచ్చలేదో చెప్పు. కారణం ఉండాలి కదా."

చెప్పాను. స్కూల్లో పిల్లలు వెక్కిరిస్తున్నారని చెప్పాను. పిల్లలు నవ్వితే మంచిదే కదా, నిన్ను చూసి భయపడే బదులు అన్నాడు. తల్లిదండ్రులకి నా మీద గౌరవం పోతుందన్నాను. నీ పేరు తెలిసిందే నా వల్ల అన్నాడు. ఒంట్లో బాగాలేనప్పుడు తీశారన్నాను. అందుకే కదా అంత సహజంగా వచ్చింది అన్నాడు. నేను కారణాలు ఒక్కొక్కటీ తీసి ముందు పెడుతుంటే, ఆయన ఒక్కొక్కటీ అటూ ఇటూ తిప్పి చూసి, ఇది చెల్లదని పక్కన పడేస్తున్నాడు, షోరూములో కొనేవాళ్ళు బట్ట నాణ్యం చూసినట్టు. చివరికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. "చూశావా, నీకే తెలీదు ఎందుకో" అన్నాడు. "పిల్లకి ఎంత నైపుణ్యం ఉందో చూడవేం? ఈ వయసులో ఆ చెయ్యి చూడు, వణుకు లేదు!"

మా అత్తగారు టీవీ సౌండు తగ్గించింది. "మొగుడు కొట్టాడంటే బాధపడాలి, తిట్టాడంటే బాధపడాలి. నిన్ను చూపించి నలుగుర్నీ నవ్విస్తే బాధేమిటమ్మాయ్? మా ఆయన నా మొహం వంక చూసిన పాపాన పోలేదు" అంది. అని, ఎందుకో గానీ, సౌండు మళ్ళీ పెంచలేదు. టీవీలో బొమ్మలు మూగగా కదులుతుంటే వాటినే చూస్తూ కూర్చుంది.

నా 'వద్దు' ఇంట్లో చెల్లలేదు గానీ, పిల్లల 'వద్దు' వాళ్ళ ఇళ్ళల్లో అప్పుడే రాజుకుంది. ఒకమ్మాయి వాళ్ళ బాబాయి ఫొటో తీయబోతే వద్దంటూ మొహం కప్పుకుందట. లాయరు తన స్నానం వీడియో ఫోన్లోంచి తీసేసేదాకా అన్నం తిననన్నాడట. తండ్రులు ఫోన్లు చేశారు. ఒక తల్లి మాత్రం ఫోను చేయకుండా గేటు దగ్గర నా కోసం నిలబడింది. "మా పాప నన్ను అడిగింది టీచర్, నీ ఫొటో తీయనా అని" అంది. "నాకేం చెప్పాలో తెలియలేదు. సరే అనేశాను, అలవాటు కదా" అని, నవ్వబోయి, అరచేత్తో మూతి మూసుకుని వెళ్ళిపోయింది.

హెడ్మాస్టరుగారి గదిలో మళ్ళీ ఆ కుర్చీ.

"పరిచయం చెయ్యమన్నాం గానీ తిరుగుబాటు చేయించమన్నామా మేడమ్?" అన్నారు నవ్వుతూనే. "పోనీలెండి. శనివారం తల్లిదండ్రుల్ని పిలుస్తున్నాం. మన క్లాసు పేజీ నిజంగా మొదలుపెడుతున్నాం. ఈ గోడ మీద కాగితాలు, క్లిప్పులు అన్నీ తీసేయించండి. ముఖ్య అతిథి ఎవరో చెప్పండి చూద్దాం."

నాకు అర్థమైపోయింది.

"మీవారే! అనుభవం ఉన్న మనిషి. పిల్లలకి నాలుగు మెళకువలు చెబుతారు. మీ పాప తీసిన వీడియో పెద్ద తెర మీద వేసి, 'బుల్లి డైరెక్టర్' అని షీల్డు ఇస్తున్నాం. ఆ వయసులో ఆ చెయ్యి చూడండి!" మా ఆయన మాటే ఈయన నోట్లోంచి వచ్చింది. ఇద్దరూ అప్పటికే మాట్లాడుకున్నారన్నమాట.

"ఆ వీడియో వద్దు సార్."

"అది మీ భార్యాభర్తల మధ్య విషయం మేడమ్. మధ్యలో నన్ను లాగకండి" అన్నారాయన. తెర ఆయనది, కరెంటు ఆయనది, పిలిచిన జనం ఆయన జనం. విషయం మాత్రం మా ఇద్దరిదీ.

ఉద్యోగం మానేద్దామా అనుకున్నాను. మానేస్తే రోజంతా ఆ ఫోను ముందే ఉండాలి. శనివారం ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉండిపోదామా అనుకున్నాను. నేను లేకపోయినా తెర మీద నేనుంటాను, అక్కడ అంత పెద్ద నోరు తెరుచుకుని. దాని పక్కన పిచ్చుక షీల్డు పట్టుకుని నిలబడి ఉంటుంది, అందరూ చప్పట్లు కొడుతుంటారు. నా పరువు సంగతి పోనీ అనుకోగలను, పోగా పోగా అది కాస్త పలచబడింది. ఆ చప్పట్లు పిచ్చుకకి ఏం నేర్పుతాయి? పడి ఉన్న మనిషిని చూస్తే లేపాలా, తీయాలా అన్నది ఆ రోజు దాని లోపల తేలిపోతుంది. రేపు పెద్దయ్యాక అదే నేల మీద పడి ఉంటే, పైన ఫోను పట్టుకుని నిలబడ్డవాణ్ణి చూసి, ప్రేమంటే ఇదే కాబోలు అనుకుంటుంది. నా భయమంతా అదే. దాని ముందు మిగతావన్నీ చిన్నవే.

శనివారం ఉదయం పడకగదిలో పిచ్చుకకి జడ వేస్తున్నాను. అది వారం రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు. అడిగినదానికి తల ఊపుతోంది. పిచ్చుక అని పిలిస్తే నాకే ఎబ్బెట్టుగా ఉంది. హాల్లో మా ఆయన, నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, ఫోనులో ఎవరితోనో "ఆ, బయల్దేరుతున్నాం, ఫ్యామిలీ మొత్తం వస్తున్నాం" అంటున్నాడు. మా అత్తగారు చెప్పులు వేసుకుని తయారుగా కూర్చుంది.

"అమ్మా" అంది పిచ్చుక, అద్దంలో నన్ను చూస్తూ. "వద్దన్నావు కదా. ఎందుకో అడగకూడదు కదా?"

"నువ్వు అడగొచ్చు. నేను చెబుతాను."

"ఆ రోజు నువ్వు మంచం మీద ఎందుకు పడుకోలేదు?"

"నేల చల్లగా ఉంటుందని."

"చల్లగా ఎందుకు?"

"నాకు జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. మంచం దాకా నడవలేకపోయాను."

దువ్వెన కింద దాని తల బిగుసుకుపోయింది. అద్దంలో కళ్ళు పెద్దవయ్యాయి. ఆ వీడియోలోని గుండ్రటి నోరు, గరిటె, గురక అన్నీ దాని మనసులో మళ్ళీ మొదట్నుంచి ఆడుతున్నాయని నాకు తెలుస్తోంది. "నాకు తెలీదు" అంది. "నువ్వు సరదాగా పడుకున్నావనుకున్నా. నాకు తెలిస్తే తీసేదాన్ని కాదు. నీళ్ళు తెచ్చేదాన్ని."

"తెలుసు తల్లీ. నీ తప్పేం లేదు."

దాని వీపు నా వైపే ఉంది. నా చేతుల్లో సగం అల్లిన జడ. తర్వాత అడిగింది.

"జ్వరమని నాన్నకి తెలుసా?"

హాల్లో ఫోను మాటలు ఆగిపోయాయి. మా అత్తగారి చెప్పుల చప్పుడు కూడా లేదు. ఆ చిన్న ఇంట్లో ఒక గదిలో మాట ఇంకో గదిలో వినపడకుండా ఎప్పుడూ ఉండదు. ఈ పిల్ల పుట్టినప్పటి నుంచీ ఆయన తరఫున నేనెన్ని జవాబులు చెప్పానో. నాన్నకి పనుంది. నాన్న మర్చిపోయారు. నాన్న సరదాకి అన్నారు. నాన్నకి తెలీదమ్మా. ఆ జవాబులన్నీ నోటి చివరే ఉన్నాయి, ఏ ఒక్కటి అన్నా ఇంకో అయిదు నిమిషాల్లో అందరం నవ్వుమొహాలతో బయల్దేరతాం. లేదంటే ఈ పిల్లకి ఇవాళ్టితో తండ్రి వేరే మనిషి అయిపోతాడు, మళ్ళీ మునుపటి మనిషి కాలేడు. అద్దంలో దాని కళ్ళు నన్ను వదలడం లేదు. అది షీల్డు అడగడం లేదు, తప్పెవరిదో చెప్పమనడమూ లేదు. జరిగింది చెప్పమంటోంది.

జడ మిగతాది అల్లి, కొస బిగించి ముడివేసి, పిచ్చుకని నా వైపు తిప్పుకున్నాను.

"తెలుసమ్మా" అన్నాను, హాల్లోకి వినపడేలా. "ముందే తెలుసు."